ఐదో ఇన్నింగ్స్ మౌనం

ఆ ఆదివారం పొద్దున గుడ్లు వేయిస్తూ ఇల్జా బ్రాండ్‌వోల్డ్ అడిగింది. "నీ దుప్పట్లు ఉతకమంటావా, వద్దా?"

"ప్రతి ఆదివారం ఉతుకుతారుగా," అన్నాను.

"ప్రతి ఆదివారం నువ్వుంటావని తెలుసు కాబట్టి ఉతికాను. నిన్న జట్టు ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారు. సోమవారం నుంచి కింది గది ఖాళీగా ఉంటుందా అని. ఎవరో కుర్రాడొస్తున్నాట్ట టెన్నెసీ నుంచి. ఉండదమ్మా, రోలండ్ హాస్కిన్ ఉన్నాడుగా అన్నాను. అవతలి పిల్ల ఏవో కాగితాలు తిప్పింది. ఆ తర్వాత, సరేలెండి, మళ్ళీ చేస్తాం అంది."

ఆవిడ పెనం మీంచి కళ్ళెత్తలేదు. జట్టు నన్నుంచిన ఇంటి యజమాని, బడి బస్సు నడిపి రిటైరయిన మనిషి. వెనక సీట్లో పిల్లల్ని అద్దంలో చూసినట్టే అందర్నీ చూసేది, తల తిప్పకుండా.

"నీ చెవిన ఏమన్నా పడిందా?"

"లేదు, ఇల్జా గారూ."

"అయితే ఉతికేస్తాను. ఎవరు పడుకున్నా శుభ్రంగా ఉండాలిగా," అని, తను అన్నది తనకే నచ్చక, నా పళ్ళెంలో ఇంకో గుడ్డు వేసింది.

నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు. హార్లో ఫెర్రీ బేస్‌బాల్ జట్టులో నా తర్వాతి పెద్దవాడికి ఇరవై మూడు. నదిని ఆనుకుని ఉన్న ఊరు, తుప్పు పట్టిన ధాన్యపు గోదాములు, వాటి వెనక మా మైదానం. చిన్న లీగుల్లో అంతకంటే కింది మెట్టు ఉంది గానీ అక్కడ నా వయసువాణ్ణి రానివ్వరు. కుర్రాళ్ళు నన్ను తాతా అని పిలిచేవాళ్ళు. బస్సులో ముందు సీటు నాకు వదిలేసేవాళ్ళు. మొదట్లో అది వెక్కిరింత. తర్వాత తర్వాత అలవాటు. అప్పుడప్పుడూ ప్రేమ కూడా అయి ఉంటుంది, నేను దాన్ని పరీక్షించి చూడలేదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు ఇదే లీగులో, ఇలాంటి బస్సుల్లోనే మొదలుపెట్టాను. అప్పుడు నా చేతిలో వేగం ఉండేది. నేను బంతి వేస్తుంటే వెనక కంచె దగ్గర ముసలివాళ్ళు మాటలాపి చూసేవాళ్ళు. పెద్ద లీగు ఇంకో రెండేళ్ళలో అన్నారు. మరుసటేడూ ఇంకో రెండేళ్ళే అన్నారు. ఆ తర్వాత భుజంలో ఏదో చిన్న దారం తెగినట్టయింది. కోసి కుట్టారు. వేగం తిరిగి రాలేదు. నన్ను తీసుకున్నవాళ్ళు నన్ను వదిలేశారు. ఇంకొకళ్ళు తీసుకుని, వాళ్ళూ వదిలేశారు. చలికాలాల్లో ఒక సోఫాల గోదాములో సామాను ఎక్కించేవాణ్ణి. మధ్యాహ్నం విరామంలో, గోదాము వెనక ఇటుక గోడ మీదికి బంతి విసురుతూ, తిరగని బంతి నేర్చుకున్నాను.

దాన్ని మావాళ్ళు నకిల్ బాల్ అంటారు. వేళ్ళతో పట్టుకోరు, రెండు గోళ్ళ చివరలతో ఆనించి, నెట్టి వదులుతారు. గాల్లో అది తిరక్కూడదు. తిరక్కపోతే గాలి దాన్ని తనకి తోచినట్టు అటూ ఇటూ తోస్తుంది. ఎటు పోతుందో బ్యాటర్‌కి తెలీదు, పట్టుకునే క్యాచర్‌కి తెలీదు, వేసినవాడికీ తెలీదు. ఒక్క చుట్టు తిరిగిందా, ఇక అది బడిపిల్లవాడు కూడా బాదగలిగే మెత్తటి బంతి.

వేగంగా వేసే రోజుల్లో బంతి నా కోపంలాంటిది. ఎవరిమీద కావాలంటే వాళ్ళమీదికి పంపేవాణ్ణి. ఈ కొత్త బంతికి కోపం పనికిరాదు. ఈ ఒక్కటీ బాగా పడాలి అని లోపల ఎక్కడో అనుకున్నా చాలు, ఆ కోరిక మణికట్టులోకి దిగుతుంది, బంతి తిరుగుతుంది. కాబట్టి కోరికని భుజం దగ్గరే ఆపడం నేర్చుకోవాలి. గోడకి వేసేటప్పుడు నాకది వచ్చింది. మనుషులు చూస్తున్నప్పుడు వచ్చేది కాదు. నా కళ్ళు ఊరికే మా జట్టు కూచునే డగౌట్ వైపు పోయేవి. మేనేజర్ మొహంలో ఏముందో, క్యాచర్ ఎవరితో గుసగుసలాడుతున్నాడో, ఎవరు నాకోసం జరిగి చోటిచ్చారో, ఎవరివ్వలేదో. పన్నెండేళ్ళుగా ఎదుటివాళ్ళ మొహాల్లో నా రేపటిని చదువుకుంటూ బతికినవాణ్ణి. ఆ చదువులో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి.

ఆ సీజన్‌లో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. అందుకే ఆదివారం మైదానానికి నడుస్తుంటే టెన్నెసీ కుర్రాడు నా పక్కనే నడుస్తున్నట్టనిపించింది.

*

మా డగౌట్‌లో ఒక మనిషి చుట్టూ మాట ఆగిపోయే సందర్భాలు రెండే.

ఒకటి, బంతి వేసే పిచర్ ఆట సగానికొచ్చినా అవతలివాళ్ళకి ఒక్క హిట్టు కూడా ఇవ్వనప్పుడు. ఫీల్డర్ తప్పు లేకుండా, బ్యాటర్ తన దెబ్బతోనే బేస్ చేరితే అది హిట్టు. ఆ సంగతి నోటితో అంటే చెడిపోతుందని నమ్మకం. అతని పక్కన కూచోరు, అతని కళ్ళలోకి చూడరు, నీళ్ళ గ్లాసు కూడా దూరంగా పెట్టి పోతారు. నమ్మకాలన్నిటినీ నవ్వి కొట్టిపారేసేవాడు కూడా దీన్ని మాత్రం పాటిస్తాడు. రెండోది, ఒకణ్ణి జట్టులోంచి తీసేస్తున్నారని అతనికి తప్ప మిగతా అందరికీ తెలిసినప్పుడు. అందులో నమ్మకమేమీ లేదు. ఏం మాట్లాడాలో తోచక, అదేదో అంటుకునే జబ్బయినట్టు పక్కకి తప్పుకుంటారు. బయటివాడు చూస్తే రెండు మౌనాలకీ తేడా తెలీదు.

ఆ రోజు ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే నాకు హిట్టు పడింది. రెండో బ్యాటర్ కొట్టిన బంతి నేలబారున ఎడమవైపు పోయింది. అక్కడ మా విల్మర్ పెగెరో ఉన్నాడు. పందొమ్మిదేళ్ళవాడు, డొమినికన్. బస్సులో రోజంతా పాటలు పాడి మమ్మల్ని నిద్రపోనివ్వనివాడు. పరిగెత్తి అందుకున్నాడు గానీ బంతి గ్లవ్‌కి తగిలి జారిపోయింది. బ్యాటర్ బేస్ చేరాడు. పైన గాజు గదిలో కూచున్న స్కోరర్ దాన్ని ఫీల్డర్ తప్పని రాయొచ్చు, హిట్టని రాయొచ్చు. లౌడ్‌స్పీకర్‌లో "హిట్" అన్నారు. నేను విన్నాను. దాని గురించి ఇంక ఆలోచించలేదు. స్కోర్‌బోర్డులో హిట్ల గడి చూద్దామన్నా, మే నెల వడగళ్ళకి దాని బల్బులు పగిలాయి, మార్చినవాడు లేడు.

ఆ తర్వాత అందంగా ఏమీ వెయ్యలేదు నేను. గురి తప్పిన బంతులు వేసి ఇద్దర్నో ముగ్గుర్నో ఊరికే బేస్‌కి నడిపించాను. ఒకడి మోకాలికి తగిలింది. మా క్యాచర్ డ్వేన్ ఫిస్కో నా బంతులు గ్లవ్‌తో కంటే ఒంటితోనే ఎక్కువ ఆపేవాడు. నేను వేసిన మర్నాడు వాడి చేతులు వంకాయ రంగు తేలేవి.

"తాతా, నేనేం పాపం చేశాను నీకు?" అన్నాడు మూడో ఇన్నింగ్స్ అయ్యాక, నీళ్ళు తాగుతూ. "పెళ్ళి కావలసినవాణ్ణి. పళ్ళయినా మిగల్చవా?"

"మొహం చూసి ఒప్పుకునే పిల్లకి పళ్ళతో పనేముందిరా."

ఆ రోజు మా డగౌట్‌లో నాతో ఎవరైనా అన్న చివరి మాట అదే.

నాలుగో ఇన్నింగ్స్‌లో చూపుడువేలి గోరు చీలింది. మావాళ్ళు బ్యాటింగ్ చేస్తుండగా లోపల లాకర్ గదిలోకి పోయి, బల్ల మీద దీపం కింద, సన్న ఆకురాయితో దాన్ని నిదానంగా అరగదీసుకున్నాను. గోరే నా బతుకు, తొందరపడితే అంతే. బయట మావాళ్ళు బాగా ఆడుతున్నట్టున్నారు, జనం అరిచారు, లౌడ్‌స్పీకర్ ఏదో అంది. లోపలికి అన్నీ దుప్పటి కప్పినట్టు వినిపించేవి.

తిరిగొచ్చేసరికి మూడు పరుగులు ముందున్నాం. బెంచీ మీద నా చోటు, దానికి అటూ ఇటూ మనిషి పట్టేంత చోటు, ఖాళీగా ఉన్నాయి.

"మూడా? ఎవరు కొట్టార్రా?" అన్నాను కూచుంటూ.

ఎవరూ పలకలేదు. పెగెరో బూట్ల తాడు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. పొద్దుతిరుగుడు గింజల సంచీ వాడివైపు చాపాను. ఎప్పుడూ గుప్పెడు లాక్కునేవాడు. ఇప్పుడు సంచీ వైపు చూసి, నా చెయ్యి వైపు చూసి, ఎవరో పిలిచినట్టు లేచి అవతలి చివరకి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు. ఫిస్కో మాస్కు పెట్టేసుకున్నాడు, బయటికి పోవడానికి ఇంకా చాలాసేపున్నా. డగౌట్ చివర గోడ ఫోన్ దగ్గర మా మేనేజర్ క్లీట్ మేబ్రీ అటు తిరిగి నిలబడి, "ఊఁ... ఊఁ... నేను చూసుకుంటా," అంటున్నాడు. ఫోన్ పెట్టి, వెనక్కి తిరిగి, నన్ను చూసి, గబుక్కున ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు.

నాకు హిట్టు పడింది, కాబట్టి మొదటి మౌనం కాదు. మిగిలింది రెండోదే.

*

ఇలాంటప్పుడు మనసు ఏం చేస్తుందో ముందే తెలుసనుకుంటాం. తెలీదు. ముందు ఒళ్ళు చిన్నదైపోయినట్టు అనిపించింది, చొక్కా వదులయినట్టు. టెన్నెసీ కుర్రాడు నా మంచం మీద కూచుని బూట్లు విప్పుకుంటున్నాడు. తర్వాత కోపం వచ్చింది. ఆటయ్యేదాకా ఆగలేకపోయారా, నాకంటే ముందు వీళ్ళందరికీ చెప్పాలా? ఆ కోపంతోనే ఐదో ఇన్నింగ్స్‌కి మైదానంలోకి పోయాను. మొదటి బంతి చెయ్యి దాటుతుండగానే తెలిసింది, తిరుగుతోందని. బ్యాటర్ దాన్ని గాల్లోకి లేపాడు. కంచె దాకా పోయింది. మావాడు వీపు కంచెకి ఆనించి పట్టాడు.

ఆ బంతి కిందికి దిగుతున్నంతసేపూ దాన్నే చూశాను. కోపం కూడా ఉంచుకోనివ్వదన్నమాట ఇది. బతుకంతా పోతున్నప్పుడైనా ఒక మనిషికి కోపం ఉండకూడదా? కూడదు. బంతి వెయ్యాలంటే కూడదు. అప్పుడు నాకు రెండే దార్లున్నాయి. కోపం పెట్టుకుని బంతి వదిలెయ్యడం, లేదా బంతి పెట్టుకుని కోపం వదిలెయ్యడం. పెద్ద నిర్ణయమేమీ తీసుకోలేదు. బంతి చేతిలో ఉంది, దాంతో ఇంకేం చెయ్యాలో నాకు తెలీదు. అంతే.

దాన్ని ప్రశాంతత అననులెండి. చెవుల్లో హోరుగానే ఉంది. కానీ బంతి వేశాక నా కళ్ళు డగౌట్ వైపు పోవడం మానేశాయి. అక్కడ చదవడానికింకేమీ లేదు, చదివేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, చూడవలసింది ఫిస్కో గ్లవ్ ఒక్కటే అయింది.

బంతి తిరగడం మానేసింది. నేను ఆ సాయంత్రం వేసినట్టు అంతకుముందు వెయ్యలేదు, ఆ తర్వాత పెద్ద లీగులో కూడా కొన్నిసార్లే వేశాను. అవతలివాళ్ళు గాలిని కొట్టారు, నేలని కొట్టారు.

"తాతా, చేతికర్ర మర్చిపోయొచ్చావ్!" అని అవతలి డగౌట్‌లోంచి ఒకడు కేకేశాడు.

"కర్ర నీ చేతిలో ఉందిగా, కొట్టి చూపించు!" అని నేనూ కేకేశాను. మావాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. ఆటలో ఉండి మాట్లాడుతున్న నావైపు భయంగా చూశారు.

ఏడో ఇన్నింగ్స్ ముందు కంచె పక్కన ఇంకో పిచర్ ఒళ్ళు వేడెక్కించుకుంటున్నాడు. నన్ను మధ్యలో దింపేస్తారనుకున్నాను. లేచి మేబ్రీ దగ్గరికి పోయాను. పొట్టివాడు, మోకాళ్ళు అరిగి వంకరగా నడిచేవాడు, మేమంతా స్కిప్ అనేవాళ్ళం.

"స్కిప్, నన్ను దింపకు. చివరిదాకా నేనే వేస్తాను. ఇంకేమీ అడగను."

ఆయన మొహం తెల్లబోయింది. నోట్లో గింజల పొట్టంతా నా బూట్ల మీద ఊసి, వంకర కాళ్ళతో పరుగులాంటి నడకతో అవతలికి పోయాడు. కాసేపటికి కంచె పక్కన పిచర్ కూచుండిపోయాడు. జాలిపడ్డాడు అనుకున్నాను. ఆ జాలి తీసుకోవడానికి నాకేమీ సిగ్గనిపించలేదు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడైతే ఆట అయిపోయినట్టే. అప్పుడు గమనించాను, జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. బీరు అమ్మేవాడు కూడా మెట్ల మీద ఆగిపోయాడు. మూడో వరసలో ఇల్జా బ్రాండ్‌వోల్డ్ చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

వీళ్ళకీ చెప్పేశారన్నమాట, అనుకున్నాను. నాకిది చివరి ఆటని ఊరంతటికీ తెలిసి, సాగనంపడానికి లేచి నిలబడ్డారు. నేను ఈ ఊరికి ఏం చేశానని? ఒక్క వేసవి ఉన్నాను, అందులోనూ ఓడిందే ఎక్కువ. ఊరికే నిలబడటం మర్యాద కాదనిపించి టోపీ తీశాను. ఒకవైపు జనానికి తల వంచాను, తర్వాత రెండోవైపు తిరిగి వంచాను, తర్వాత మా డగౌట్‌కి.

మైదానం మొత్తం ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చింది. ఎవరో ఆడమనిషి "అయ్యో, వద్దు!" అంది. ఫిస్కో మాస్కు తీసి నేలకేసి కొట్టాడు. మేబ్రీ రెండు చేతులతో తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. ఎందుకో నాకర్థం కాలేదు. వీడ్కోలు చెబితే ఇంత బాధపడతారా అనుకున్నాను.

టోపీ పెట్టుకుని బంతి వేశాను. బ్యాటర్ దాని నెత్తిమీద కొట్టాడు. నేలబారున, ఎడమవైపు, దూరంగా. పెగెరో ఈసారి పరిగెత్తలేదు, ఎగిరాడు. నేలమీద పడుకునే అందుకుని, మోకాళ్ళమీద లేచి విసిరాడు. బంతి బ్యాటర్ కంటే ముందు బేస్ చేరింది.

ఆ తర్వాత వాళ్ళంతా నా మీద పడ్డారు. కింద నేను, పైన ఫిస్కో, ఆ పైన ఎవరెవరో. పోయేవాడికి ఇంత చెయ్యాలా అనుకుంటూ ఊపిరాడక తన్నుకుంటున్నాను. పెగెరో నా చెవి పట్టుకుని అరుస్తున్నాడు. "ఒక్కటీ లేదు తాతా! ఒక్కటంటే ఒక్కటీ లేదు!"

"ఏంట్రా లేనిది?"

"హిట్టు!"

"మొదట్లోనే ఉందిగా."

"అది నాది! నా తప్పు! నేనే చెప్పా స్కిప్‌కి! స్కిప్ పైన స్కోరర్‌కి చెప్పాడు. ఆయన మార్చాడు. నువ్వు లోపల గోళ్ళు రుద్దుకుంటున్నావ్!"

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తారా ఎవరన్నా?" అన్నాడు వాడు. నా అమాయకత్వానికి వాడి కళ్ళలో నిజంగా జాలి కనిపించింది. "ఎట్లా చెప్తారు?"

*

మేబ్రీ గది అంటే తువ్వాళ్ళు పెట్టుకునే గదిలో సగం. తలుపు వెయ్యమన్నాడు. వేశాను. అవతల కుర్రాళ్ళు డబ్బాలు వాయిస్తూ పాడుతున్నారు.

"ఆ టోపీ ఏంటి?" అన్నాడు. "ముప్ఫై ఏళ్ళొచ్చాయి నీకు. ఇద్దరు అవుటయ్యాక, ఇంకొక్కడుండగా, సర్కస్‌వాడిలా ఆ దండాలేంటి? నా గుండె ఆగిపోయేది. నా పెళ్ళానికి ఏం చెప్పేవాళ్ళు మీరంతా?"

"వీడ్కోలు చెప్పాను."

"ఎవరికి?"

"అందరికీ. నన్ను తీసేస్తున్నారుగా, స్కిప్."

ఆయన నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఆగింది. గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు, నావైపు చూశాడు. మొహాలు చదివే చదువులో నేను అంత చెడ్డవాణ్ణేమీ కాదని అప్పుడు తెలిసింది. డగౌట్‌లో మౌనాన్ని తప్పు చదివాను, కానీ సంగతి నిజమే.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఎవరూ మాట్లాడలేదు. అందుకే తెలిసింది."

"ఇవాళ ఆటయ్యాక చెప్పమన్నారు నన్ను," అన్నాడు మెల్లగా. "నిన్ననే చెప్పేశారు. మధ్యలో మళ్ళీ ఫోన్ చేసి, మర్చిపోవద్దని. కుర్రాళ్ళెవరికీ తెలీదు. నేను ఒక్కడికీ చెప్పలేదు." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఎప్పట్నుంచి అనుకుంటున్నావ్?"

"ఐదో ఇన్నింగ్స్ నుంచి."

"ఐదు నుంచీ నువ్వు... పోయినట్టే అనుకునే వేశావా ఇదంతా?"

"మరేం చెయ్యను? బంతి నా చేతిలోనే ఉందిగా."

ఆయన చాలాసేపు నా వైపు చూశాడు. బేస్‌బాల్‌లో ముసలైపోయిన మనిషి. చిన్న లీగుల్లో పుట్టి చిన్న లీగుల్లోనే మిగిలిపోయినవాడు. అలా ఎవరైనా నన్ను చూసి చాలా ఏళ్ళయింది. ఆ చూపులో నా రేపటి గురించి ఏముందా అని వెతకలేదు. ఉన్నది నా గురించే.

తర్వాత ఫోన్ తీసి పై ఆఫీసుకి కలిపాడు. నన్ను బయటికి పొమ్మనలేదు.

"ఆఁ, మేబ్రీని. చెప్పలేదు. చెప్పను కూడా... తెలుసు, విన్నారని తెలుసు, హిట్టు లేదు, సంతోషం. నేను ఫోన్ చేసింది దానికి కాదు. హిట్టు లేని ఆట ఎవడికైనా ఒకరోజు తగుల్తుంది, గుడ్డివాడికి నాణెం దొరికినట్టు. మీరు వినండి ముందు." నా వైపు వేలు చూపించాడు, అవతలివాళ్ళకి నేను కనిపిస్తున్నట్టు. "ఈ మనిషి తనని తీసేశారనుకున్నాడు. ఐదో ఇన్నింగ్స్ నుంచి. అనుకుని, నా దగ్గరకొచ్చి, దింపొద్దు, చివరిదాకా వేస్తానన్నాడు. వేశాడు. నా దగ్గరున్న కుర్రాళ్ళంతా పైకి పోవడానికి వేస్తారు. తప్పులేదు, నేనూ అందుకే ఆడాను. ఇతను ఎక్కడికీ పోయేది లేదనుకుని వేశాడు... లేదు, నేను తాగలేదు... ముప్ఫై. అవును, ముప్ఫయ్యే. ఆ బంతికి వయసుతో పనిలేదు, నలభైలో కూడా వేస్తాడు... ఊఁ... ఊఁ..."

అవతలి గొంతు నాకు వినిపించలేదు. గోరు వైపు చూసుకున్నాను. చీలిన చోట మళ్ళీ కొంచెం లేచింది. విచిత్రమేమిటంటే, ఫోన్‌లో వాళ్ళేమంటారోనని నా గుండె కొట్టుకోవడం లేదు. కావాలని లేక కాదు. ఉండాలని చాలా ఉంది, ఆకలంత ఉంది. కానీ వాళ్ళు తీసెయ్యగలిగేది ఒకటుంది, తీసెయ్యలేనిది ఒకటుంది, ఆ రెండోది సాయంత్రమే జరిగిపోయింది. దాన్ని చూసినవాళ్ళు ఊరంతా ఉన్నారు గానీ, అదేమిటో తెలిసింది ఈ గదిలో ఇద్దరికే.

మేబ్రీ ఫోన్ పెట్టేశాడు.

"నెలాఖరు దాకా," అన్నాడు. "టెన్నెసీ వాడు వస్తున్నాడు, వాడికి వేరే గది చూస్తారు. నెలాఖరుకి మళ్ళీ మాట్లాడదామన్నారు."

"సరే, స్కిప్."

"సరేనా? అంతేనా? నా మోకాళ్ళమీద పడి ఏడవ్వా?"

"నీ మోకాళ్ళకి అంత ఓపిక లేదు."

"బయటికి పో," అన్నాడు. గదిలోంచి వస్తుంటే వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

*

నెలాఖరు వచ్చింది, పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడు ఒక మెట్టు పైకి పంపారు, ఆ పై ఏడు ఇంకో మెట్టు. నేను ఉంటున్నానని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇల్జా బ్రాండ్‌వోల్డ్ ప్రతి క్రిస్మస్‌కీ ఏలకులు వేసిన రొట్టె పంపేది, కార్డు మీద "ఇంకా ఉన్నావా?" అని ఒక్క ముక్క రాసి. పెగెరో నాకంటే ముందే పైకి వెళ్ళాడు. వెళ్ళవలసినవాడే. తన తప్పు తన పేరున రాయించుకోవడానికి పందొమ్మిదేళ్ళకే మేనేజర్ దగ్గరికి నడిచిపోయినవాడు. వాడి గొప్పతనం గురించి పత్రికలు చాలా రాశాయి, ఆ సంగతి మాత్రం వాటికి తెలీదు.

పెద్ద లీగు నన్ను పిలిచేసరికి నాకు ముప్ఫై మూడు దాటాయి. అప్పటికి మేబ్రీ వేరే ఊళ్ళో ఉన్నాడు గానీ, నాకు కబురు చెప్పే పని తనకిమ్మని పైవాళ్ళని అడిగాట్ట.

"ఒరేయ్ హాస్కిన్, సూటు ఉందా నీకు?"

"ఎవరు పోయారు, స్కిప్?"

"ఎవరూ పోలేదు, వెధవా. రేపు విమానం ఎక్కు. పెద్దవాళ్ళకి పిచర్ కావాలిట, చెయ్యి అలిసిపోనివాడు."

నేను మంచం మీద కూచున్నాను. పన్నెండేళ్ళ కిందట ఈ మాట కోసం ఏమైనా ఇచ్చేవాణ్ణి. ఇచ్చాను కూడా, భుజం.

"ఎన్నాళ్ళకి?"

"వాళ్ళు చెప్పలేదు. నెలాఖరు దాకా అనుకో. ఏం, చాలదా?"

"చాలు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అక్కడ పదేళ్ళున్నాను. కొన్ని ఆటలు గెలిచాను, పెద్దవి కొన్ని ఓడాను. నన్ను వాళ్ళు దించేసిన రోజులున్నాయి, చప్పట్లు కొట్టిన రోజులున్నాయి. నలభై మూడో ఏట నేనే చాలన్నాను. ఇప్పుడు చిన్న లీగుల్లో తిరుగుతూ, గోళ్ళు పెంచుకున్న కుర్రాళ్ళకి ఆ బంతి నేర్పుతాను. మీకు అన్నిటికంటే గర్వంగా అనిపించిన ఆట ఏదని విలేకరులు అడిగితే, వాళ్ళకి తెలిసినదేదో ఒకటి చెబుతాను. గర్వం లేక కాదు. నాకు గర్వం చాలా ఉంది, చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. కాకపోతే అది హిట్టులేని ఆట గురించి కాదు, దాన్ని విడమరిచి చెప్పబోతే వాళ్ళ కలాలు ఆగిపోతాయి.

పెద్ద లీగులో మొదటి రోజు మాత్రం చెబుతాను. ఆరో ఇన్నింగ్స్‌లో పంపారు. హార్లో ఫెర్రీ గోదాములన్నీ పట్టేంత మైదానం. జనం హోరు నేలలోంచి కాళ్ళలోకి ఎక్కుతోంది. మొదటి బ్యాటర్ ఆ లీగులో అందరికీ తెలిసిన పేరు. నన్ను చూసి, నా నెరిసిన గడ్డం చూసి, కొంచెం నవ్వాడు. క్యాచర్ గ్లవ్ పట్టాడు. గోళ్ళు బంతి మీద ఆనించాను, వదిలాను. గాల్లో బంతి మీద ఎర్రటి కుట్లు ఒక్కొక్కటిగా కనిపించాయి, అంత నిశ్చలంగా పోయింది. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తప్పుకుంది. ఆయన బ్యాటు గాలిని చీల్చి ఒక చుట్టు తిరిగొచ్చింది.

నా ఎడమచేతి వైపు మా డగౌట్ ఉంది. అందులో కొత్త మేనేజర్, నా పేరింకా సరిగ్గా పలకడం రాని ఇరవై నాలుగు మంది, వాళ్ళ మొహాలు. నేను అటు చూడలేదు. క్యాచర్ బంతి తిరిగి విసిరాడు. పట్టుకుని, ఇంకోటి వేశాను.